పర్లాకిమిడిలో కూర్చుని కొండల కార్బన్‌ని మ్యాప్ చెయ్యడం ఎలా

పర్లాకిమిడి నుంచి కాశీనగర్ వైపు బండి మీద వెళ్తుంటే దారిలో 84 డిగ్రీల తూర్పు రేఖాంశం దాటుతాం. బోర్డు ఉండదు, గేటు ఉండదు, దాటినట్టు ఎవరికీ తెలియదు. మ్యాపుల పని చేసేవాళ్లకి మాత్రం అక్కడ గట్టు వేసి ఉన్నట్టే. మ్యాపుల కోసం భూమిని నిలువు పట్టీలుగా కోసే యూటీఎం పద్ధతిలో ఆ గీతకి తూర్పున 45వ జోన్, పడమర 44వ జోన్. ఒడిశాలోని మా గజపతి జిల్లా రెండింటిలోనూ పడింది. ఈ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ ఎవర్నీ అడగలేదు. దానికి పడ్డ జరిమానా సంగతి కిందకి వచ్చాక చెప్తాను.

అడవిలో, నేలలో ఎంత కార్బన్ నిల్వ ఉందో లెక్కకట్టే పరిశోధన బృందాలు జీఐఎస్ (కంప్యూటర్‌లో మ్యాపుల పని) అనలిస్ట్ అనో, ప్రాజెక్ట్ అసోసియేట్ అనో మనుషుల్ని తీసుకుంటాయి. గజపతి, రాయగడ, కోరాపుట్, గంజాం జిల్లాల్లో డిగ్రీ పూర్తి చేసి, కంప్యూటర్ ముందు ఓపిగ్గా కూర్చోగలిగిన మన తెలుగువాళ్లకి ఇది అందే పనే. మీకున్న పెద్ద బలం ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, సంతలో రెండూ కలిపి మాట్లాడటం. ఈ పనికి అది ఎంత ఉపయోగమో ముందు నేనూ అనుకోలేదు.

ముందు ఏ కార్బన్ అన్నది తేల్చుకోండి

"కార్బన్ నిల్వ" అని ప్రకటనలో కనిపించగానే దరఖాస్తు పెట్టెయ్యకండి. ఫ్యాక్టరీల నుంచి పట్టిన కార్బన్ డయాక్సైడ్‌ని భూమి లోపలి రాతిలోకి పంపి దాచడం ఒక రకం. అక్కడ బోరు లాగ్‌లు, భూగర్భ పొరల మ్యాపులు కావాలి. దక్కన్ బసాల్ట్ రాయి మీద ఆ పరిశోధన నడుస్తోంది. చెట్టూ నేలా దాచుకున్నది ఇంకో రకం. ఇక్కడ నేను చెప్పేది రెండోదాని గురించి.

అందులో ఐదు ఖాతాలుంటాయి: నేలపైన చెట్టు, నేలకింద వేళ్లు, ఎండి పడిన దుంగలు, రాలిన ఆకు, మట్టి. ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా 2023 నివేదిక ప్రకారం దేశంలోని అడవుల్లో ఉన్న మొత్తం కార్బన్ 728.55 కోట్ల టన్నులు. అందులో సగానికి పైగా మట్టిలోనే ఉంది. శాటిలైట్‌కి కనిపించేది ఆకు. మనం లెక్క చెప్పాల్సింది మాను, వేరు, మట్టి. ఈ తేడా బుర్రలో ఉంటే సగం తప్పులు దగ్గరికి రావు.

సామాను

సాఫ్ట్‌వేర్‌కి పైసా ఖర్చు లేదు. మ్యాపులు చేసే క్యూజీఐఎస్ ఉచితం. శాటిలైట్ చిత్రాల్ని ఆన్‌లైన్‌లోనే లెక్కకట్టే గూగుల్ ఎర్త్ ఇంజిన్ పరిశోధనకి, చదువుకోడానికి ఉచితం. పైథాన్ నేర్చుకుంటే మంచిది. మొదటి ఆరు నెలలు క్యూజీఐఎస్ చాలు. డెహ్రాడూన్‌లోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ రిమోట్ సెన్సింగ్ ఆన్‌లైన్‌లో ఉచితంగా కోర్సులు నడుపుతుంది, అవి చెయ్యండి. ఇస్రో వాళ్ల భువన్ పోర్టల్‌లో కార్టోశాట్ ఎత్తుల డేటా దొరుకుతుంది. ల్యాప్‌టాప్‌లో 16 జీబీ ర్యామ్ ఉంటే సుఖం. 8 జీబీతో కూడా నెట్టుకు రావచ్చు, కాకపోతే టీలు ఎక్కువవుతాయి.

84 డిగ్రీల గీత

ఇప్పుడు జరిమానా కథ. యూటీఎం జోన్లలో చోటుని మీటర్లలో చెప్తారు, ఒక్కో జోన్‌కి ఆ లెక్క విడిగా ఉంటుంది. కాశీనగర్ వైపు నుంచి వస్తూ 84 డిగ్రీల దగ్గరికి చేరేసరికి 44వ జోన్‌లో తూర్పు అంకె సుమారు 8,16,000 ఉంటుంది. గీత దాటి 45వ జోన్‌లో చూస్తే అదే చోటు సుమారు 1,84,000. మొదటిసారి నేను కాశీనగర్ వైపు ప్లాట్లని (అడవిలో చెట్లు కొలిచే చదరపు ముక్కల్ని) 44లో, పర్లాకిమిడి వైపు ప్లాట్లని 45లో ఉన్న రెండు ఫైళ్లు తీసుకుని, పైనా కిందా అతికించి ఒక్క పట్టికగా చేశాను. మొత్తానికి 44 అని పేరు పెట్టాను. మ్యాప్ తెరిస్తే పర్లాకిమిడి ప్లాట్లన్నీ వందల కిలోమీటర్లు పడమటికి పోయి తెలంగాణలో తేలాయి. అంత దూరం పోయాయి కాబట్టే కంటపడ్డాయి. వంద మీటర్లు జరిగి ఉంటే రిపోర్టు అచ్చయ్యేదాకా ఎవరికీ తెలిసేది కాదు.

అందుకని ఇలా చెయ్యండి. పని మొదలుపెట్టే రోజునే మొత్తం ప్రాజెక్టుకి ఒకే ప్రొజెక్షన్ (గుండ్రటి భూమిని చదును మ్యాప్ మీద చూపే పద్ధతి) తీసుకుని, దాన్ని కాగితం మీద రాసి గోడకి అంటించండి. మీ పని ఎక్కువ భాగం రాయగడ వైపు ఉంటే 44వ జోన్, సాఫ్ట్‌వేర్‌లో దాని కోడ్ ఈపీఎస్‌జీ 32644. మహేంద్రగిరి వైపు ఉంటే 32645. ప్రతి ఫైలునీ అందులోకి మార్చాకే కలపండి. మార్చడం వేరు, పేరు మార్చడం వేరు. క్యూజీఐఎస్‌లో "సెట్ సీఆర్‌ఎస్" అన్నది పేరు మాత్రమే మారుస్తుంది, అంకెలు ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి. "రీప్రొజెక్ట్" అన్నది అంకెల్నే మారుస్తుంది. నేను తప్పింది అక్కడే.

యూరప్ వాళ్ల శాటిలైట్ సెంటినెల్-2 చిత్రాలు కూడా జోన్ల వారీగా పలకలుగా వస్తాయి. మన దగ్గర 44, 45 రెండు రకాల పలకలూ పడతాయి. ఒకదాన్ని ఇంకోదానిలోకి మార్చేటప్పుడు పిక్సెళ్లని మళ్లీ లెక్కకట్టాలి. అడవి, పొలం, ఊరు లాంటి తరగతుల మ్యాప్‌కి "నియరెస్ట్" పెట్టండి, లేకపోతే 2కి 4కి మధ్యలో 3 అని లేని తరగతి పుట్టుకొస్తుంది. కాంతి విలువలకి "బైలీనియర్" పెట్టొచ్చు. ఇంకో మాట. విస్తీర్ణాన్ని డిగ్రీల్లో లెక్కవెయ్యకండి. చదరపు డిగ్రీ అనే కొలతతో ఏ అమీనూ ఇప్పటిదాకా పొలం కొలవలేదు.

ఊరి పేరు తేలాలి

మనం పర్లాకిమిడి అంటాం. ఒడియాలో పారళాఖెముండి. ఇంగ్లీషులో రెండు మూడు స్పెల్లింగులు. పట్టణానికే ఇలా ఉంటే కొండమీద ఇరవై గడపల సవర గిరిజనుల ఊరి సంగతి ఊహించుకోండి. సవరలు ఒక పేరు అంటారు, ఒడియా గుమాస్తా తన చెవికి వినపడినట్టు రాస్తాడు, జనాభా లెక్కల్లో అది ఇంగ్లీషులోకి పోతుంది, మన ఫీల్డ్ కుర్రాడు తెలుగులో రాసుకొస్తాడు. నాలుగు పట్టికల్లో నాలుగు ఊళ్లవుతాయి. పేరుతో జతచేస్తే కంప్యూటర్ నోరెత్తకుండా ఆ వరసల్ని వదిలేస్తుంది.

కాబట్టి పేరుతో ఎప్పుడూ జతచెయ్యకండి. కేంద్ర పంచాయతీరాజ్ శాఖ లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలో ప్రతి ఊరికీ కోడ్ ఉంటుంది, 2011 జనాభా లెక్కల కోడ్ కూడా ఉంటుంది. ఆ కోడ్ ఒక కాలమ్, పక్కన ఒడియా పేరు, తెలుగు పేరు, సవరలు పిలిచే పేరు ఇంకో మూడు కాలమ్‌లు పెట్టుకోండి. ఈ పట్టిక చెయ్యడం ఒక నెల పని. భువనేశ్వర్‌లోనో హైదరాబాద్‌లోనో కూర్చున్నవాళ్లు చెయ్యలేనిది, మీరు చెయ్యగలిగినది ఇదే. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో మాస్టారుగా ఉంటూ సవర నేర్చుకుని నిఘంటువు, వ్యాకరణం రాశారు. ఆయన ఊళ్లో ఉండి మనం కనీసం ఊళ్ల పేర్లయినా సరిగ్గా రాసుకోలేమా అని నాకు నేనే సర్దిచెప్పుకుంటుంటాను.

జిల్లాల హద్దుల ఫైలు ఎప్పటిదో చూసుకోండి. 2022 ఏప్రిల్ ముందుదైతే అందులో పార్వతీపురం మన్యం జిల్లా ఉండదు. కోటియా ఊళ్ల లాంటి చోట ఆంధ్రా, ఒడిశాల మధ్య తగువుంది. అక్కడ గీత మీ చేత్తో గియ్యకండి. ఏ సంస్థ గీసిన హద్దు వాడారో మ్యాప్ మూలన రాసి ఊరుకోండి.

కొండెక్కాలి

అనలిస్ట్ ఉద్యోగం కదా, ఏసీ గదిలో పని అనుకునేవాళ్లు ఎక్కువ. ఫీల్డ్‌కి వెళ్లని అనలిస్ట్ కట్టిన లెక్కని నేను నమ్మను. కనీసం మొదటి పది ప్లాట్లకి టేప్ మీరే పట్టుకోండి. డీఎఫ్‌ఓ గారి అనుమతి చేతిలో ఉండాలి, ఊళ్లో పెద్దకి ముందు కబురు పెట్టాలి. లఖారి అభయారణ్యం వైపైతే ఏనుగులు ఎక్కడున్నాయో అడిగాకే అడుగెయ్యాలి.

మామూలుగా వాడే ప్లాటు హెక్టారులో పదో వంతు, అంటే ఒక్కో వైపు 31.62 మీటర్ల చదరం. చదునులో తేలికే. మా కొండల్లో చదును ఎక్కడుంది? 30 డిగ్రీల వాలు మీద టేప్‌ని నేలబారుగా 31.62 మీటర్లు లాగితే, పైనుంచి చూసినప్పుడు అది 27.4 మీటర్లే. ప్లాటు వెయ్యి చదరపు మీటర్లు కాదు, 866. మ్యాప్ ఎప్పుడూ పైనుంచే చూస్తుంది. వాలుని కొలిచి ఆ మేరకి టేప్‌ని పొడిగించండి.

ప్లాటు మధ్యలో ఫోన్ జీపీఎస్‌ని రెండు నిమిషాలు కదలకుండా పెట్టి చదవండి. గుబురు చెట్ల కింద ఐదు పది మీటర్లు అటూఇటూ అవుతుంది, శాటిలైట్ పిక్సెల్ పది మీటర్లే కదా. అందుకే ప్లాటుని అడవి అంచున, తోట గట్టున పెట్టకూడదు. చుట్టూ ఒకేరకం చెట్లున్న చోట పెట్టండి.

చెట్టు పేరు తెలుగులో రాసుకోండి, ఒడియా పేరు పక్కనే పెట్టుకోండి. ఇప్ప చెట్టు వాళ్లకి మహుల. ఉత్తి "మద్ది" అని రాస్తే సరిపోదు. నల్లమద్దా, తెల్లమద్దా? కలప సాంద్రత మారితే లెక్క మారుతుంది. జీలుగు చెట్టు వస్తే వేరే గుర్తు పెట్టండి. అది తాటి జాతి, మామూలు చెట్ల సూత్రం దానికి పనికిరాదు. వెదురు కూడా అంతే, లోపల గుల్ల.

ఒక్క చెట్టు లెక్క

నేలనుంచి 1.37 మీటర్ల ఎత్తున, అంటే రొమ్ము ఎత్తున, మాను చుట్టూ టేప్ తిప్పుతాం. 94 సెంటీమీటర్లు వచ్చిందనుకోండి. అది చుట్టుకొలత. 3.14తో భాగిస్తే వ్యాసం 30. ఎత్తు 15 మీటర్లు, సాంద్రత 0.6 అనుకుందాం. ఉష్ణమండలపు చెట్లకి ఎక్కువగా వాడే 2014 నాటి షావ్ బృందం సూత్రం ఇది: 0.0673ని (సాంద్రత × వ్యాసం × వ్యాసం × ఎత్తు) 0.976వ ఘాతంతో గుణించాలి. కుండలీకరణంలోది 8100. ఘాతం వేసి గుణిస్తే 439 కిలోలు వస్తుంది. ఎండిన చెట్టు బరువన్నమాట. అందులో కార్బన్ వంతు 0.47, అంటే 206 కిలోలు. దాన్ని కార్బన్ డయాక్సైడ్‌లో చెప్పాలంటే 44ని 12తో భాగించి గుణించాలి: 757 కిలోలు. ఈ మూడు అంకెల్లో మీరు చెప్తున్నది ఏదో ప్రతి పట్టికలోనూ రాయండి. కార్బన్‌కి, కార్బన్ డయాక్సైడ్‌కి మధ్య మూడున్నర రెట్లకి పైగా తేడా ఉంది. పెద్దపెద్ద రిపోర్టులు చదివేవాళ్లు కూడా ఇక్కడ కాలేస్తారు.

ఒకసారి ఒక ప్లాటులో హెక్టారుకి 930 టన్నుల జీవద్రవ్యరాశి, అంటే ఎండిన చెట్ల బరువు, వచ్చింది. పక్క ప్లాట్లన్నీ వంద దగ్గర ఉన్నాయి. అంత అడవి మా కొండల్లో ఎక్కడిది? కోడ్ రెండుసార్లు చూశాను, తప్పు లేదు. చివరికి ఫీల్డ్ కాగితాల కట్ట విప్పాను. వాన తడికి అంచులు ఉబ్బిపోయి ఉన్నాయి, పెన్సిల్ గీతలు బాగానే ఉన్నాయి. 94, 110, 63. ఫారంలో ఆ కాలమ్‌కి నేను పెట్టిన పేరు ఉత్తి "సెం.మీ." మిగతా బృందాలు వ్యాసం రాసుకొచ్చాయి, ఒక్క బృందం చుట్టుకొలత రాసింది. చుట్టుకొలతని వ్యాసం అనుకుంటే ఒక్కో చెట్టు బరువు సుమారు 9.3 రెట్లవుతుంది. 930ని 9.3తో భాగించి చూడండి, ఎంతొస్తుందో.

తప్పు నాదే. అప్పట్నుంచి ఫారంలో "మాను చుట్టుకొలత, టేప్ మీద కనిపించిన అంకె" అని పొడుగ్గా రాస్తాను. భాగహారం ఫీల్డ్‌లో చెయ్యొద్దని చెప్తాను, అది కంప్యూటర్ చూసుకుంటుంది. కాగితాల్ని పారెయ్యను.

మట్టి సంగతి క్లుప్తంగా. 30 సెంటీమీటర్ల లోతు దాకా తీసి, కార్బన్ శాతం, మట్టి సాంద్రత, లోతు మూడూ గుణిస్తారు. 1.2 శాతం, 1.3 సాంద్రత, 30 సెంటీమీటర్లు అయితే హెక్టారుకి 46.8 టన్నులు. రాళ్లున్న మట్టిలో రాళ్ల వంతు తీసేయాలి. మా కొండమట్టిలో అది చిన్న వంతు కాదు.

పచ్చదనం మోసం చేస్తుంది

ఇక ప్లాట్ల లెక్కని కొండంతటికీ పరచాలి. సెంటినెల్-2 పది మీటర్ల పిక్సెల్, ఉచితం. వానాకాలమంతా మబ్బు, ఫిబ్రవరి నుంచి ఆకు రాలుతుంది, మార్చి, ఏప్రిల్‌లో పోడు పొగ. నవంబర్ నుంచి జనవరి మధ్య చిత్రాలు తీసుకోండి, ప్రతి ఏడూ అవే నెలలు.

నేను చేసిన తొలి మ్యాపులో ఒక కొండవాలు ముదురు పచ్చగా, మంచి అడవిలా వచ్చింది. మాతో దారి చూపడానికి వచ్చిన సవర పెద్దాయనకి ఫోన్‌లో చూపించాను. ఆయన నవ్వి, "అడివేటి బాబూ, జీడితోటది. తిత్లీ తుఫానుకి పడిపోయినవి పోగా మిగిలినవి, తర్వాత నాటినవి" అన్నాడు. జీడిమామిడి గొడుగులా పరుచుకుంటుంది, పైనుంచి చూస్తే సందు ఉండదు. మాను పొట్టి, బరువు తక్కువ. పచ్చదనం సూచిక ఒక హద్దు దాటాక ఇంక పెరగదు, దట్టమైన అడవికీ దట్టమైన తోటకీ ఒకే మార్కు వేస్తుంది. పైగా ఫారెస్ట్ సర్వే లెక్కలో ఒక హెక్టారు మించి ఉండి, కొమ్మల నీడ పది శాతం దాటితే తోట కూడా అటవీ విస్తీర్ణంలోకే వస్తుంది. అది తప్పు కాదు, వాళ్ల నిర్వచనం అది. ఆ మ్యాప్‌ని తీసుకుని కార్బన్ అంటగడితే మాత్రం తప్పు మనదే.

ఎత్తు తెలిస్తే జీడితోట దొరికిపోతుంది. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం (ఐఎస్ఎస్) మీదున్న నాసా జెడై లేజర్ 25 మీటర్ల వెడల్పు చుక్కలుగా చెట్ల ఎత్తు ఇస్తుంది. నిటారు వాలుల మీద అది ఎత్తుని ఎక్కువ చేసి చెప్తుంది, అలాంటి చుక్కల్ని తీసెయ్యండి. రాడార్ ఇంకో దారి. పొడుగు తరంగాల రాడార్ ఆకుని దాటి కొమ్మల్ని, మానుని తాకుతుంది. 2025 జులై 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన నాసా-ఇస్రో శాటిలైట్ నైసార్‌లో అలాంటి ఎల్ బ్యాండ్ రాడార్ ఉంది. ఎల్ బ్యాండ్ కూడా హెక్టారుకి వంద, నూట యాభై టన్నుల దగ్గర మొద్దుబారుతుంది. మన కొండల్లో చాలా చోట్ల అంతకన్నా తక్కువే కాబట్టి మనకి పనికొస్తుంది.

పోడుకి ఒక్క చిత్రం చాలదు. ఈ ఏడు నరికిన చోటు నాలుగేళ్లకి మళ్లీ పచ్చబడుతుంది. అమెరికా వాళ్ల ల్యాండ్‌శాట్ 30 మీటర్ల చిత్రాలు 1980ల నుంచి ఉన్నాయి, వరసగా పేర్చి ఏ పిక్సెల్ ఎప్పుడు కాలిందో చూడండి. 2018 అక్టోబర్ 11 తిత్లీ తుఫాను రోజుని గీత గీసి పెట్టుకోండి. ఆ పతనాన్ని పోడు ఖాతాలో వేసి సవరల్ని దోషుల్ని చేసిన మ్యాప్ ఒకటి నా కళ్లారా చూశాను, అందుకే చెప్తున్నాను.

మోడల్, దాని అనుమానం

ప్లాట్లలో కొలిచిన అంకెలు చూసి నేర్చుకుని, మిగతా పిక్సెళ్లకి అంచనా వేసే కంప్యూటర్ లెక్కే మోడల్. అందులో ర్యాండమ్ ఫారెస్ట్ అనే పద్ధతి అందరూ వాడతారు, మీరూ వాడండి. దాని గుణం ఒకటి తెలిసుండాలి. తక్కువ ఉన్నచోట ఎక్కువ చెప్తుంది, ఎక్కువ ఉన్నచోట తక్కువ చెప్తుంది. అన్నింటినీ నడిమికి లాగుతుంది, పంచాయితీ పెద్దలా. పరీక్ష పెట్టేటప్పుడు ప్లాట్లని చీట్లు తీసినట్టు ఎంచకండి. పక్కపక్క ప్లాట్లు ఒకేలా ఉంటాయి కాబట్టి మోడల్ చూసి రాసినట్టే అవుతుంది. ఒక కొండ మొత్తాన్ని పక్కనపెట్టి మిగతా కొండలతో నేర్పించి, ఆ కొండ మీద పరీక్షించండి. మార్కులు తగ్గుతాయి. తగ్గిన ఆ మార్కులే రాయండి. కార్బన్ మ్యాప్ పక్కన అనుమానం మ్యాప్ కూడా ఇవ్వండి, ఏ పిక్సెల్‌లో ఎంత అటూఇటూ అవ్వచ్చో చెప్పేది.

ఉద్యోగం అడిగేటప్పుడు

యూనివర్సిటీల ప్రాజెక్టులు, హైదరాబాద్‌లోని నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్, భువనేశ్వర్‌లోని ఒర్సాక్ (ఒడిశా ప్రభుత్వ శాటిలైట్ మ్యాపుల సంస్థ) వెబ్‌సైట్లు వారానికోసారి చూడండి. సర్టిఫికెట్ల కట్ట కన్నా ఒక్క చిన్న పని ఎక్కువ మాట్లాడుతుంది. మీ ఊరి చుట్టూ ఐదు కిలోమీటర్లు తీసుకోండి. పది ప్లాట్లు, ఒక మ్యాప్, రెండు పేజీల నోటు. నోటులో ఒక పేజీ నిండా ఎక్కడ తప్పు జరిగింది, ఎలా పట్టుకున్నారు అన్నదే రాయండి. ఇంటర్వ్యూలో అడిగేది కూడా అదే ఉంటుంది. ఊళ్ల పేర్ల పట్టిక చేశారు కదా, దాన్నీ జతపెట్టండి.

పంపేముందు ఇంకో పని. ఆ మ్యాప్‌ని పట్టణంలో ఏ3 సైజులో రంగు ప్రింటు తీయించి, ప్లాట్లు వేసిన ఊరికి పట్టుకెళ్లండి. ల్యామినేషన్ చేయించకండి, పెన్సిల్ పడదు. వేపచెట్టు కిందో, అంగడి అరుగు మీదో పరిచి, వాగు ఎక్కడో, బడి ఎక్కడో ముందు వాళ్లకి చూపించండి. ఒకసారి దిక్కు దొరికితే తర్వాత వాళ్లే వేలు పెట్టి చెప్తారు. పెన్సిల్ వాళ్ల చేతికివ్వండి.